బటన్ నొక్కకుండానే ఫారం వెళ్లిపోతోంది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయ సభ్యత్వం కోసం చిన్న వెబ్ పేజీ తయారుచేస్తున్నాను. అందులో ప్రస్తుతానికి మొబైల్ నంబరు గడి ఒక్కటే ఉంది. "పంపించు" బటన్ టైపును సబ్మిట్ అని కాక బటన్ అని ఇచ్చి, ఆన్‌క్లిక్‌లో ఒక ఫంక్షన్ రాశాను. నంబరు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలై మొత్తం 10 అంకెలు ఉంటేనే అది ఫారాన్ని పంపుతుంది. మౌస్‌తో నొక్కితే తనిఖీ సరిగానే జరుగుతోంది. గడిలో ఉండి ఎంటర్ కొడితే మాత్రం 5 అంకెల నంబరు కూడా సర్వర్‌కు చేరిపోతోంది. ఇంకా వింత ఏమిటంటే, పేరు గడి కూడా చేర్చగానే ఎంటర్ అసలు పనిచేయడమే మానేసింది. స్క్రిప్టులో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

జవాబు 1:
మీ ఫంక్షన్ బాగానే ఉందండీ, దాన్ని తగిలించిన చోటే చిక్కు తెచ్చింది. ఫారంలో సబ్మిట్ రకం బటన్ ఉంటే, ఎంటర్ కొట్టినప్పుడు బ్రౌజర్ ఆ బటన్‌ను తానే నొక్కినట్టుగా దాని క్లిక్‌ను నడిపిస్తుంది. మీ బటన్ ఆ రకం కాదు కనుక, బ్రౌజర్ లెక్కలో ఈ ఫారానికి సబ్మిట్ బటనే లేదు. అలాంటప్పుడు టెక్స్ట్ తరహా గడి ఒక్కటే ఉంటే ఫారం నేరుగా వెళ్లిపోవాలని, రెండోది చేరితే ఏమీ జరగకూడదని హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఉంది. బటన్‌ను సబ్మిట్ రకానికి మార్చి, తనిఖీని ఫారం తాలూకు సబ్మిట్ ఈవెంట్‌లోకి (ఫారం వెళ్లబోయే ముందు నడిచే చోటు) తరలించి, తప్పు దొరికినప్పుడు ఫారాన్ని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్‌ను పిలవండి.

జవాబు 2:
పై జవాబుకు కొంత చేర్పు. స్క్రిప్టు నుంచి ఫారాన్ని పంపవలసి వస్తే సబ్మిట్ మెథడ్ వాడకండి. అది రిక్వైర్డ్ (గడి ఖాళీగా ఉండకూడదు), ప్యాటర్న్ (రాసింది ఇచ్చిన నమూనాకు సరిపోవాలి) వంటి నియమాలను చూడదు, సబ్మిట్ ఈవెంట్‌నూ కలిగించదు. దాని బదులు రిక్వెస్ట్‌సబ్మిట్ మెథడ్ వాడితే ఆ రెండూ చేస్తుంది. ఎవరైనా రెండుసార్లు నొక్కుతారని బటన్‌ను డిసేబుల్ చేయదలిస్తే, తనిఖీ నెగ్గిన తర్వాత సబ్మిట్ ఈవెంట్‌లోనే చేయండి. క్లిక్‌లో చేస్తే క్రోమ్‌లో ఫారం కదలదు. ఇది తెలియక నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. పేరు గడి ప్యాటర్న్‌లో యూనికోడ్ (అన్ని లిపులకూ సంకేతాలిచ్చే ప్రమాణం) అక్షరాల తరగతి ఒక్కటే ఇస్తే "రమ్య" కూడా నెగ్గదు, ఎందుకంటే మన గుణింతపు గుర్తులూ పొల్లూ మార్కుల తరగతిలోకి వస్తాయి. దాన్ని కూడా చేర్చండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఎంటర్ కొట్టినా, బటన్ నొక్కినా ఒకే తనిఖీ జరుగుతోంది. ఇదే తనిఖీని సర్వర్‌లో మళ్లీ రాయాలా?

జవాబు 1:
తప్పకుండా రాయాలి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను ఆపేసి, డెవలపర్ టూల్స్‌లో ప్యాటర్న్‌ను తొలగించి, ఆ 5 అంకెల నంబరునే మరోసారి పంపి చూడండి.