ఆయిల్ మనమే మార్చుకోవడమా, షోరూమ్ సర్వీసుకే ఇవ్వడమా?

కొత్తచేతులు
అందరికీ నమస్తే. నాది మూడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పోయిన నెలతో వారంటీ అయిపోయింది. ఇప్పటిదాకా సర్వీసులన్నీ షోరూమ్‌లోనే చేయించాను. మొన్న బిల్లు తీరిగ్గా చూస్తే ఆయిల్, ఫిల్టర్ రెండూ కలిపినా అందులో సగం లేవు. మిగతాదంతా ఇంజన్ ఫ్లష్ (మందు పోసి లోపల కడగడం), థ్రాటిల్ క్లీనింగ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి శుభ్రం చేయడం), ఏసీలో కొట్టే స్ప్రే, చివర్లో 'కన్స్యూమబుల్స్' అని అర్థం కాని ఒక లైను. అడిగితే "అన్నీ రికమెండెడే సార్" అన్నారు. ఆయిల్ మార్చడం నేనే నేర్చుకుందామని ఉంది. ఇంట్లోవాళ్లేమో "బాగున్నదాన్ని చెడగొడతావ్" అంటున్నారు. సొంతంగా చేసుకుంటున్నవాళ్లు, చేయబోయి చేతులు కాల్చుకున్నవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

స్పానర్14
పదకొండేళ్లుగా నా కార్లకు నేనే మారుస్తున్నాను బ్రదర్. మొదటిసారి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు ముప్పావుగంటలో అయిపోతుంది, అందులోనూ సగం సేపు ఆయిల్ కారేదాకా ఊరికే కూర్చోవడమే.

ఇంజన్ ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ తేలిగ్గా దిగుతుంది. దూరం వెళ్లొచ్చిన వెంటనే మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడిపోతుంది. కింద డ్రెయిన్ బోల్టు విప్పేముందే పైన ఆయిల్ పోసే మూత వదులు చేసుకోండి. బోల్టు చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి, తిప్పుతూ బోల్టును పైకి అదిమి పట్టుకోవాలి. మర ఊడిందని వేలికి తెలియగానే టక్కున పక్కకు లాగేయండి. ధార నిట్టనిలువుగా పడుతుందనుకోవద్దు. చాలా కార్లలో బోల్టు పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి మొదట జానెడు దూరం ఎగిరి పడుతుంది, సన్నబడేకొద్దీ దగ్గరికొస్తుంది. తొట్టెను దానితోపాటు జరుపుకుంటూ ఉండాలి. నేను మొదటిసారి జరపలేదు. ఆ మరక ఇప్పటికీ నేలమీద ఉంది.

బోల్టు కింద రాగిదో అల్యూమినియందో చిన్న వాషర్ ఉంటుంది. ప్రతిసారీ కొత్తది వెయ్యండి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య. "ఇంకొంచెం బిగిద్దాం, కారకుండా ఉంటుంది" అని బలమంతా చూపిస్తే అల్యూమినియం సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెలో, మరలు అరిగిపోతాయి. అప్పుడు మిగిలేది సంప్ ఖర్చు.

మాజీ_అడ్వైజర్
ఆరేళ్లు సర్వీస్ కౌంటర్‌లో కూర్చున్నాను కాబట్టి అటువైపు సంగతి చెప్తా. నెలనెలా టార్గెట్లు ఉండేవి. ఎన్ని ఫ్లష్‌లు అమ్మావు, ఎన్ని థ్రాటిల్ క్లీనింగ్‌లు రాశావు అని సోమవారం పొద్దున లెక్క అడిగేవారు. మీ మాన్యువల్‌లో షెడ్యూల్ పట్టిక ఉంటుంది. అందులో లేనిది బిల్లులో ఉంటే "వద్దు" అని చెప్పే హక్కు మీకుంది. గట్టిగా వద్దన్నవాళ్లతో మేము ఎప్పుడూ వాదించలేదు, నిజం.

ఇంకో మాట. ఆయిల్ మార్చడం తేలిక పని కాబట్టి దాన్ని కొత్తగా చేరిన కుర్రాడికే ఇస్తారు. సీనియర్ మెకానిక్ గేర్‌బాక్సో, కరెంటు సమస్యో చూస్తుంటాడు. షోరూమ్‌లో మీ కారును నిపుణుడే ముట్టుకుంటాడనేది సగం భ్రమ.

మిగతా సగం కూడా చెప్పాలి. ర్యాంప్ ఎక్కించినప్పుడు కిందభాగం అంతా కనిపిస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు తొడుగు చిరిగిందా, బ్రేకు గొట్టం ఉబ్బిందా, ప్యాడ్లు ఎంత మిగిలాయి, షాక్ అబ్జార్బర్ చెమ్మగిల్లిందా, ఇవన్నీ చూడగలిగిన కన్ను ఉంటే అక్కడే దొరికిపోతాయి. కంపెనీ రీకాల్ (లోపం ఉందని కార్లను వెనక్కి పిలిచి సరిచేయడం) ఉంటే ఉచితంగా చేస్తారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా అక్కడే. ఇంట్లో ఆయిల్ మార్చుకుని "సర్వీసు అయిపోయింది" అనుకునేవాళ్లను చూస్తే నాకు భయం. బ్రేకు ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఆయిల్ నేనే మారుస్తా అనేవాళ్లలో దాని సంగతి గుర్తుండేది ఎంతమందికి?

గేర్‌బాక్స్_బాధితుడు
చేతులు కాల్చుకున్నవాళ్లు చెప్పమన్నారుగా, నా కథ వినండి.

మొదటిసారి కారు కింద దూరాను. బోల్టు కనిపించింది, విప్పాను. తేనె రంగులో ఆయిల్ వచ్చింది. "అబ్బ, ఇన్ని కిలోమీటర్లు తిరిగినా ఎంత శుభ్రంగా ఉందో, మన డ్రైవింగ్ అలాంటిది" అని మురిసిపోయాను. బోల్టు బిగించి, పైనుంచి కొలత ప్రకారం మూడున్నర లీటర్లు పోశాను. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. తుడిచి మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. మూడోసారికి వెలిగింది. నేను ఖాళీ చేసింది గేర్‌బాక్సు. ఇంజన్‌లో పాతది మొత్తం అలాగే ఉంది, దానిమీద కొత్తది పోశాను.

కారు కదిలించకముందే చూసుకున్నాను కాబట్టి బతికిపోయా. గేర్‌బాక్స్ ఎండిపోయి ఉండగా నడిపితే లోపల పళ్లు, బేరింగులు పోయేవి. ఇంజన్‌లో ఆయిల్ అంత ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. మొత్తం దింపి, రెండూ మళ్లీ కొని పోశాను. షోరూమ్ కంటే ఎక్కువే అయింది. విప్పేముందు మాన్యువల్‌లో బొమ్మ చూడండి. విప్పాక నల్లగా కాక తేనె రంగులో వస్తే మురిసిపోకండి, ఆపండి.

స్పానర్14
@గేర్‌బాక్స్_బాధితుడు "మన డ్రైవింగ్ అలాంటిది" 😂 అన్నా, నవ్వలేక చచ్చాను.

రెండు_రబ్బర్లు
నా తప్పు పేరులోనే ఉంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. చూసుకోకుండా దానిమీద కొత్త ఫిల్టర్ బిగించాను. స్టార్ట్ చేసిన పది సెకన్లలో కారు కింద మడుగు. వెంటనే ఆపేశాను కాబట్టి సరిపోయింది, రోడ్డెక్కి ఉంటే ఇంజన్ పట్టేసేది. ఫిల్టర్ తీయగానే ఆ చోటును గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి. కొత్త రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, అది తగిలిన దగ్గర్నుంచి చేత్తో ముప్పావు చుట్టు చాలు. రెంచ్ విప్పడానికే, బిగించడానికి కాదు.

డీజిల్‌పిచ్చి
డీజిల్ వాళ్ల కోసం వేరుగా రాస్తున్నా. మీ కారుకు డీపీఎఫ్, అంటే పొగలోని మసి పట్టే ఫిల్టర్, ఉంటే కనిపించిన ఆయిల్ పోయకండి. బూడిద తక్కువ మిగిల్చే రకం కావాలి. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది. ఈ రెండింటిలో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద, 0.8 శాతం దాటకూడదు. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది.

ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే డీజిల్ కారులో ఆయిల్ తగ్గకపోగా పెరగడం కూడా చూడొచ్చు. మసి కాల్చుకోవడానికి ఇంజన్ అదనంగా కొట్టే డీజిల్‌లో కొంత సంప్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద గీత దాటి డీజిల్ వాసన వస్తుంటే "బాగుంది, ఆయిల్ తాగట్లేదు" అనుకోవద్దు. మార్చేయండి.

ఆయిల్ నల్లబడిందని మాత్రం కంగారు పడకండి. డీజిల్‌లో పోసిన రోజే నల్లబడుతుంది. మసిని తనలో కలిపి ఉంచుకోవడమే దాని పని.

పాతకాలపోడు
ఇవన్నీ ఎందుకు బాబూ. మా రోజుల్లో చిక్కటి ఆయిల్ పోసేవాళ్లం, ఇంజన్లు ఏళ్లకేళ్లు నడిచేవి. ఇప్పుడు నీళ్లలాంటి ఆయిల్ పోయమంటున్నారు.

డీజిల్‌పిచ్చి
@పాతకాలపోడు గారూ, అప్పటి ఇంజన్లకు అదే సరైనది, కాదనను. ఇప్పటివాటిలో లోపలి సందులు సన్నం, వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం కూడా ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. 0డబ్ల్యూ-20 అడిగిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చలి పొద్దున స్టార్ట్ చేయగానే పైదాకా చేరడానికి ఆలస్యం అవుతుంది. 'డబ్ల్యూ' అంటే వింటర్, ముందున్న అంకె చలిలో ఎలా పారుతుందో చెప్పేది. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనానికి. కొన్ని చిన్న టర్బో ఇంజన్లలో అయితే టైమింగ్ బెల్టే ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. వాటిలో తప్పు ఆయిల్ పోస్తే బెల్టు పొరలు ఊడి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి.

పాతకాలపోడు
బెల్టు ఆయిల్‌లోనా! ఏ మహానుభావుడికి వచ్చిందో ఆ ఆలోచన.

మార్కర్_పెన్ను
నేను షోరూమ్ మనిషినే, కారు కింద దూరే ఓపిక లేదు. కానీ ఒకసారి సర్వీసుకు ఇచ్చేముందు ఫిల్టర్ మీద మార్కర్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టాను. సాయంత్రం కారు తెచ్చుకుని ఫోన్ లైటు వేసి చూస్తే ఆ గుర్తు నన్నే చూస్తోంది. బిల్లులో ఫిల్టర్‌కు డబ్బులు పడ్డాయి. వెనక్కి తీసుకెళ్లి చూపిస్తే మేనేజర్ ముఖం పాలిపోయింది, "మిస్టేక్ అయింది సార్" అని అప్పటికప్పుడు మార్చి ఇచ్చారు. అప్పటినుంచి నేను అక్కడే నిలబడతాను. పాత ఫిల్టర్ డిక్కీలో పెట్టమని ముందే జాబ్ కార్డు మీద రాయిస్తాను. రాయించిన చోట ఎప్పుడూ తేడా రాలేదు.

కొత్తచేతులు
అందరికీ థ్యాంక్స్. మార్కర్ ఐడియా బాగుంది, గేర్‌బాక్స్ కథ ఇంట్లో చెప్పలేదు. రెండు డౌట్లు. జాకీ కారుతో వచ్చినదే చాలా? తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

స్పానర్14
చాలదు. ఆ జాకీ టైరు మార్చడానికి ఇచ్చింది. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. గట్టి సమతల నేల, చక్రాలకు అడ్డు, జాక్ స్టాండ్లు, లేదా ర్యాంపులు. ఎక్కించాక ఒకసారి కారును ఊపి చూడండి, తర్వాతే కిందికి. ఈ సరంజామా కొనే ఉద్దేశం లేకపోతే ఈ పని మొదలే పెట్టొద్దు.

నడుంనొప్పి
కింద దూరలేని నాలాంటివాళ్లకు డిప్‌స్టిక్ గొట్టం లోంచి ఆయిల్ లాగే చేతిపంపు ఉంటుంది. కారు ఎత్తక్కర్లేదు. ఫిల్టర్ పైనుంచి అందే ఇంజన్లకు భలే సుఖం. కొన్ని ఇంజన్లలో గొట్టం అడుగుదాకా అందదు, కాస్త పాత ఆయిల్ మిగిలిపోతుంది.

పాతకాలపోడు
పాత ఆయిల్ కలపకు పూస్తే చెదలు పట్టవు.

మాజీ_అడ్వైజర్
దయచేసి పూయొద్దు సార్. అందులో అరిగిన లోహాలు, కాలిన చమురు అవశేషాలు ఉంటాయి, చర్మానికీ నేలకూ మంచివి కావు. గ్లవ్స్ కూడా అందుకే. ఒక్కసారి మార్చినప్పుడు తీసిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే పాతది నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లోనో, సేకరణ కేంద్రంలోనో ఇవ్వండి. ఫిల్టర్‌ను బోర్లించి రాత్రంతా కారనిచ్చాకే ఇవ్వాలి.

ఫైలు_మనిషి
వారంటీలో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. సొంతంగా మార్చుకుంటే వారంటీ పోతుందా అనేది దేశాన్నిబట్టి, మీ వారంటీ పుస్తకాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, తమ దగ్గరే సర్వీసు చేయించాలని వారంటీకి ముడిపెట్టడం కుదరదు. అన్నిచోట్లా అలా ఉండదు. నేనైతే వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూమ్‌కే ఇస్తాను, ఇంజన్ పోతే వాదించే ఓపిక నాకు లేదు. తర్వాత సొంతంగా చేసుకున్నా ఆయిల్ బిల్లు, ఫిల్టర్ బిల్లు, ఆరోజు ఓడోమీటర్ ఫొటో ఒకే ఫోల్డర్‌లో పెడతాను. పోయినసారి కారు అమ్మినప్పుడు కొన్నాయన ఆ ఫోల్డర్ అరగంట తిరగేశాడు. ఇంజన్ శబ్దం రెండు నిమిషాలు కూడా వినలేదు.

కొత్తచేతులు
ఇవాళ మార్చాను! రెండున్నర గంటలు. అందులో గంట కింది ప్లాస్టిక్ కవర్‌తోనే, దానికి తొమ్మిది క్లిప్పులు, రెండు విరిగాయి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదేం? ఫిల్టర్ చోట వేలితో తడిమాను, పాత రబ్బరు లేదు. ఆయిల్ నల్లగానే వచ్చింది, మొదటిసారి నల్లగా ఉన్నందుకు సంతోషించా. స్టార్ట్ చేస్తే ప్రెషర్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరింది, ఆ మూడు సెకన్లు గుండె ఆగినంత టెన్షన్. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూస్తే రెండు గీతల మధ్య, పైగీతకు దగ్గర్లో ఉంది. రాత్రికి కారు కింద అట్టముక్క పరిచాను.

స్పానర్14
క్లిప్పులు ఎప్పుడూ విరుగుతాయి, ఒక పొట్లం కొని పెట్టుకోండి. సర్వీస్ రిమైండర్ రీసెట్ చేశారా?

కొత్తచేతులు
మర్చిపోయా, ఇప్పుడే చేశాను. బ్రేకు ఫ్లూయిడ్‌కు, కింద చెకింగ్‌కు మాత్రం వచ్చే నెల షోరూమ్‌కే ఇస్తున్నా, ఫ్లష్ వద్దని జాబ్ కార్డు మీద రాయించి. పొద్దున లేవగానే బ్రష్ కూడా చేయకుండా వెళ్లి అట్టముక్క లాగి చూశాను. ఒక్క చుక్క లేదు. దాని మీద పిల్లి పడుకుని ఉంది.