"చెడ్డవారి పచ్చదనము చూచి..." ఈ పాదం ఎక్కడిదో ఎవరికైనా గుర్తుందా?

మూడోబెంచీ:
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక పాదం నోట్లో నానుతోంది, "చెడ్డవారి పచ్చదనము చూచి వ్యసనపడకుము" అని. కీర్తనలు 37 మొదటి వచనం కంఠతా వచ్చు, "చెడ్డవారిని చూచి నీవు వ్యసనపడకుము, దుష్కార్యములు చేయువారిని చూచి మత్సరపడకుము", అందులో పచ్చదనం లేదు. సామెతలు 24:19 తీసి చూశాను, అక్కడా దుర్మార్గులు, భక్తిహీనులే ఉన్నారు గానీ పచ్చదనం లేదు. కానీ నా చెవిలో ఆ మాట గట్టిగా ఉండిపోయింది. పాత కీర్తనా, పద్యమా, ప్రసంగంలో ఎవరైనా అలా చెప్పారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతనిఘంటువు:
పచ్చదనం సంగతి తర్వాత చూద్దాం గానీ అసలు పేచీ అంతా "వ్యసన" దగ్గరుంది. ఇవాళ్టి కుర్రాళ్లు ఈ వచనం చదివితే తాగుడో పేకాటో గుర్తొస్తుంది, చెడ్డవాళ్లను చూసి అలవాట్లు నేర్చుకోవద్దు అని అర్థం చేసుకుంటున్నారు, నా చెవులతో విన్నాను ఆ వ్యాఖ్యానం. ఇక్కడ వ్యసనం అంటే దుఃఖం, బ్రౌన్ 1852 నిఘంటువులోనే ఆ అర్థం ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశం, అదే మన అమరం, ఇంకా బాగా చెప్పింది, "వ్యసనం విపది భ్రంశే దోషే కామజకోపజే" అని. ఆపద, పతనం, కామం వల్ల పుట్టే దోషం, కోపం వల్ల పుట్టే దోషం, అన్నీ ఒకే మాటలో.

తాళపత్రం:
అమరం దాకా వచ్చారు కాబట్టి ఇంకో అడుగు వేయండి మాస్టారూ. ఆ కోపజ దోషాలేమిటో మనుస్మృతి ఏడో అధ్యాయంలో లెక్క ఉంది, మొత్తం ఎనిమిది, "పైశున్యం సాహసం ద్రోహ ఈర్ష్యాసూయార్థదూషణం" అని మొదలవుతుంది. ఈర్ష్య, అసూయ రెండూ కోపం పిల్లలే అక్కడ. నా ఉద్దేశంలో 37:1 లో పై సగం, కింది సగం వేరువేరు మాటలు కావు, వ్యసనం అన్నప్పుడే అసూయ లోపలికొచ్చేసింది, మత్సరం దాన్ని విప్పి చెప్పిందంతే. అదే కీర్తన ఎనిమిదో వచనం చూడండి, "కోపము మానుము ఆగ్రహము విడిచిపెట్టుము వ్యసనపడకుము అది కీడుకే కారణము", కోపం పక్కనే వ్యసనాన్ని కూర్చోబెట్టాడు.

పాతనిఘంటువు:
బాగుంది గానీ బైబిలు అనువదించినవాళ్లు మనువును ముందు పెట్టుకుని కూర్చున్నారని నేననుకోను. వాళ్లకి అది వాడుక మాట. మత్తయి 19లో మిగుల ఆస్తిగల యౌవనుడు "వ్యసనపడుచు వెళ్లిపోయెను", యోహాను 21లో "నన్ను ప్రేమించుచున్నావా" అని యేసు మూడోసారి అడిగినందుకు శిష్యుడు పేతురు "వ్యసనపడి". పేతురుకి అక్కడ ఎవరిమీద ఈర్ష్య? ఉత్త బాధ.

గవాక్షం:
హీబ్రూ చూడకుండా ఇంత దూరం వచ్చేశారు. మొదటి క్రియ "హారా" అనే ధాతువు నుంచి, దానికి మండటం అని అర్థం, కోపానికి వాడే మాటే. అంటే "మండిపోకు", "ఉడికిపోకు" అన్నమాట. దుఃఖం అంటే చల్లారిపోయింది, తాళపత్రం గారి కోపజమే దగ్గర. రెండోది "కానా", ఇది ఇంకా చిత్రం. ఇదే ధాతువును మన తెలుగు బైబిలు ఒకచోట "రోషముగల దేవుడను" అని దేవుడికి వాడింది, 69వ కీర్తనలో "నీ యింటిని గూర్చిన ఆసక్తి నన్ను భక్షించియున్నది" అని భక్తుడికి వాడింది, 37లో మత్సరం చేసింది. రోషం, ఆసక్తి, మత్సరం, మూడూ ఒకే వేరు. అందుకే ఈ పాపం పట్టుకోవడం కష్టం అంటాను. అన్యాయం చేసేవాణ్ని చూసి మండినప్పుడు అది న్యాయం కోసం రోషమే అనిపిస్తుంది, కాస్త ఆగి చూస్తే వాడికి దొరికింది నాకు దొరకలేదనే మంట అడుగున ఉంటుంది.

సాయంకాలం:
గవాక్షం గారూ ఈ చివరి వాక్యం నాకు బాగా తగిలిందండీ. నేను పనిచేసే చోట దొంగ బిల్లులు పెట్టినాయన ఒకరున్నారు, పైవాళ్లకి తెలుసు, అయినా పెద్ద పదవి ఇచ్చారు. గ్రూపులో అభినందనలు వరసగా పడుతుంటే నేను "కంగ్రాట్స్ సార్" అని టైపు చేసి పంపకుండా చెరిపేశాను, మళ్లీ టైపు చేశాను, మళ్లీ చెరిపేశాను. అబద్ధానికి చప్పట్లు కొట్టకూడదు కదా అని మనసుకి చెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి నేను లెక్కేసింది ఆయన తప్పులు కాదు, ఆయన జీతం. అది రోషం కాదండీ.

అందుకే నాకు 37వ కీర్తన కంటే 73వ కీర్తన దగ్గర. రాసింది ఆసాపు, దేవుని సన్నిధిలో పాడటానికి దావీదు పెట్టిన గాయకుల్లో ఒకడు, పాటలే పనిగా ఉన్నవాడికే తప్పలేదు ఇది. "భక్తిహీనుల క్షేమము నా కంటబడినప్పుడు గర్వించువారినిబట్టి నేను మత్సరపడితిని" అన్నాడు. "కంటబడినప్పుడు" అనే మాట ఎంత బాగుందో చూడండి. 37లో "చూచి" ఉంది, అది మనం చూడటం. ఇక్కడ అదే వచ్చి కళ్లలో పడింది. పడటం మన చేతిలో లేదు, దాన్నే పట్టుకుని రాత్రంతా చూస్తూ కూర్చోవడం మన చేతిలో ఉంది.

గవాక్షం:
అమ్మా, మాట అందంగా ఉంది గానీ మూలం తిరగబడి ఉంది. 37:1 హీబ్రూలో "చూచి" లేనే లేదు, వట్టి ఒక్క అక్షరం, "బ" అనే ప్రత్యయం, దుష్టులయందు, దుష్టుల విషయంలో అని. చూడటం నిజంగా ఉన్నది 73లోనే, "చూస్తున్నాను" అని ఉత్తమ పురుష క్రియ. అంటే చూపు లేనిచోట తెలుగువాళ్లు చూపు పెట్టారు, ఉన్నచోట కంటబడేశారు.

సాయంకాలం:
లేనిచోట పెట్టారంటే ఊరికే పెట్టలేదండీ. తెలుగులో ఎవరి విషయంలోనో కుళ్లుకోం, ఎవర్నో చూసి కుళ్లుకుంటాం. "వాణ్ని చూసి ఏడుస్తున్నాడు" అంటాం. మన భాషలో ఈర్ష్య కళ్లలోంచే వెళ్తుంది, ఆ "చూచి" తీసేస్తే వాక్యం తెలుగు కాదు. సామెతలు 23, 24 అధ్యాయాల్లో కూడా "పాపులను చూచి", "దుర్జనులను చూచి" అనే వేశారు.

పాతనిఘంటువు:
ఈ "చూచి" వాదనలో నేను అమ్మగారి పక్షం. కానీ మత్సరం మీద నాకింకో సందేహం ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అమరం "మత్సరోఽన్యశుభద్వేషే" అన్నాడు, ఎదుటివాడి శుభం మీద ద్వేషం. మరి భక్తిహీనుడి సంపద శుభమేనా? శుభం కానిదాన్ని చూసి పుట్టేది మత్సరం ఎలా అవుతుంది?

తాళపత్రం:
అవుతుంది, ఎందుకంటే మత్సరపడే క్షణంలో మనం దాన్ని శుభం అని ఒప్పేసుకున్నాం. అదే కదా అసలు పతనం. ఆసాపు కథలో 13వ వచనం, "నా హృదయమును నేను శుద్ధిచేసికొని యుండుట వ్యర్థమే". వాడిది శుభం అని ఒప్పుకున్న మరుక్షణం నాది వ్యర్థం అయిపోయింది. ఎదుటివాడి మీద ద్వేషంగా మొదలై తన భక్తి మీద విసుగుగా తేలింది. "నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను" అన్నది అందుకు. ఈ "తప్పెను"ని కూడా కొందరు చిన్న తప్పు చేశాను అని చదువుతున్నారు, ప్రమాదం తప్పింది అంటామే, ఆ తప్పడం.

మూడోబెంచీ:
చర్చ చాలా బాగుంది, నా పచ్చదనం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు :) 37:2లో "పచ్చని కూరవలెనే వాడిపోవుదురు" ఉంది, అదేమైనా నా బుర్రలో మొదటి వచనానికి అతుక్కుందంటారా?

గవాక్షం:
కూర కంటే 35వ వచనం చూడండి. "అది మొలచిన చోటనే విస్తరించిన చెట్టువలె వాడు వర్ధిల్లి యుండెను". అక్కడ హీబ్రూలో చెట్టుకి "రఅనాన్" అనే విశేషణం ఉంది, పచ్చగా నవనవలాడేది అని. గ్రీకు అనువాదంలో అది లెబానోను దేవదారు అయింది, తెలుగులో విస్తరించింది. మీరు విన్న ప్రసంగీకుడు ఎవరో మూలం చూసి పచ్చదనం వెనక్కి తెచ్చి ఉంటాడని నా ఊహ.

తాళపత్రం:
లేదా పద్యం అయ్యుంటుంది. "పచ్చదనము చూచి వ్యసనపడకు" అని చివరి "ము" తీసి చూడండి, ఆటవెలది నడక వస్తోంది. పద్యం అనగానే శ్రీకాళహస్తీశ్వర శతకం రాసిన ధూర్జటి గుర్తొస్తాడు నాకు, ఈ విషయం మీద ఆయన్ని మించి తెలుగులో ఎవరూ చెప్పలేదు. "రాజుల్మత్తులు వారిసేవ నరకప్రాయంబు వారిచ్చు నంభోజాక్షీ చతురంతయాన తురగీ భూషాదు లాత్మవ్యథాబీజంబుల్ తదపేక్ష చాలు". పల్లకీలు, గుర్రాలు, నగలు, అన్నీ ఆత్మవ్యథకి విత్తనాలట. "అది కీడుకే కారణము" అని దావీదు అన్నదానికి ఇంతకంటే దగ్గర మాట నాకు కనపడలేదు. అక్కడ కారణం, ఇక్కడ బీజం.

పాతనిఘంటువు:
ధూర్జటి దగ్గరికి వెళ్తే నేను ఆగలేను. అష్టదిగ్గజాల్లో ఒకడని పేరు, రాయల కొలువు చూసినవాడు, బయట నిలబడి గోడ మీదుగా చూసి తిట్టలేదు. కానీ ఆయనది మత్సరం జయించిన పద్యం అంటే ఒప్పుకోను, విసుగెత్తిన పద్యం. "తదపేక్ష చాలు" అంటే ఇన్నాళ్లు కోరుకున్నది ఇక చాలు అని. ఆసాపు అలా కాదు, దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి వాళ్ల అంతం ధ్యానించేదాకా "ఆయాసకరముగా ఉండెను" అని ఒప్పుకున్నాడు. లోపలికి వెళ్లాక మారాడు, విసుగొచ్చి కాదు.

సాయంకాలం:
మాస్టారూ, పద్యం మధ్యలో ఆపేశారు. "చాలు" తర్వాత "పరితృప్తిం బొందితిన్" ఉంది కదా. విసుగెత్తినవాడు పరితృప్తి అనడు. అది 73:25 లాగే ఉంది నాకు, "నీవు నాకుండగా లోకములోనిది ఏదియు నాకక్కర లేదు". వాళ్ల దగ్గరున్నది చెడ్డదని నిరూపించి ఊరుకోలేదు ఇద్దరూ, తమ దగ్గర ఎవరున్నారో చూసుకున్నారు. నాకు ఉపయోగపడింది కూడా అదేనండీ. ఆయనకి శిక్ష పడాలని ఎదురుచూసినన్నాళ్లూ నా కళ్లు ఆయన మీదే ఉన్నాయి. 37:3లో "మేలుచేయుము" అని పని చెప్పాడు, అది పట్టుకున్నాక కాస్త ఊపిరాడింది. పూర్తిగా పోయిందని చెప్పను, ఆయన పేరు ప్రార్థనలో ఎత్తడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, ఎత్తుతున్నాను.

గవాక్షం:
పరితృప్తి దేనివల్ల అన్నది చూడాలి. "జ్ఞానలక్ష్మీజాగ్రత్పరిణామ మిమ్ము" అని, జ్ఞానసంపదతో మేలుకున్న పరిణతి ఇమ్మని, తర్వాత అడుగుతున్నాడు, అంటే ఇంకా రాలేదు. తృప్తి పొందానని చెప్పి వెంటనే ఇమ్మని అడిగేవాడు పూర్తిగా తృప్తి పొందాడా?

తాళపత్రం:
అడగడం అసంతృప్తి ఎలా అవుతుంది గవాక్షం గారూ, వేరేదాన్ని అడిగాడు కదా! పల్లకీ అడగలేదు. పద్యం శార్దూలం, మొదటి పాదంలో యతి "రా"కి "ప్రా", రాజుల్ని తీసుకెళ్లి నరకప్రాయం దగ్గర కట్టేశాడు. అంత తెలివిగా కట్టినవాడు "చాలు"ని తేలిగ్గా వేయడు. ఈ శతకంలో ఆయన ఇంకెక్కడెక్కడ "చాలు" వాడాడో ఏరి తెస్తాను, అప్పుడు తేల్చుకుందాం.

మూడోబెంచీ:
తెచ్చేటప్పుడు ఆటవెలదుల్లో పచ్చదనం ఎక్కడైనా కనిపిస్తే అది కూడా పట్టుకురండి.