రీళ్లలో సిగార్‌కు అంత దర్జా ఎలా వచ్చింది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా తమ్ముడి కొడుకు ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే రీళ్లలో సిగార్లే ఎక్కువగా కనిపిస్తున్నాయి. కోటు తొడిగిన మనిషి, తోలు కుర్చీ, తీరిగ్గా వదిలే పొగ, కింద విజయం గురించి నాలుగు మాటలు. ధర గానీ దుకాణం గానీ చెప్పరు, కానీ సిగార్‌కు చుట్టిన కాగితపు పట్టీ మీది కంపెనీ పేరును మాత్రం చదవగలిగేంత దగ్గరగా చూపిస్తారు. పొగాకు ప్రకటనలను నిషేధించిన దేశంలో ఇవి ఎలా చెల్లుతున్నాయో తెలిసినవారు వివరించగలరా?

జవాబు (బరంపురం నుంచి):
2003 నాటి పొగాకు చట్టం జాబితాలో సిగరెట్టు, బీడీలతో పాటు సిగార్, చుట్ట కూడా ఉన్నాయండి. 5వ సెక్షన్ ప్రకారం పరోక్ష ప్రచారం కూడా నేరమే. మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెయ్యి రూపాయలంటే ఎవరు భయపడతారో నాకైతే అర్థం కాదు. అసలు చిక్కు, డబ్బు పుచ్చుకుని పెట్టిన వీడియో ఏదో, సరదాకు పెట్టినది ఏదో బయటికి తెలియకపోవడం. పొగాకును ప్రోత్సహించే చెల్లింపు పోస్టులను అనుమతించబోమని ఇన్‌స్టాగ్రామ్ 2019 డిసెంబరులో ప్రకటించింది. అయితే చెల్లింపు సంగతి దాచిన వీడియోను ఆ నియమం కింద పట్టుకోవడం కష్టం.

జవాబు (రాయగడ నుంచి):
పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 నుంచి అమలవుతోంది. రీలులో పెట్టె ఉండదు, సిగార్ ఒక్కటే ఉంటుంది కనుక ఆ హెచ్చరిక చూసేవారి కంటపడదు.

జవాబు (పర్లాకిమిడి నుంచి, దంతవైద్యశాల ఉద్యోగిని):
పొగ మింగం కాబట్టి ప్రమాదం లేదని సిగార్ తాగేవారు అంటారు. ఆ పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్టు పెట్టెకు సరిపడేంత పొగాకు ఉండవచ్చు. మన వైపు, శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మల నోళ్లు మేము చూస్తుంటాము: చుట్ట కాలే కొసను నోటి లోపల పెట్టుకోవడం వల్ల అంగిలి తెల్లగా మందమై, కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. వారిని ఎవరూ రీలు తీయరు. తాగే తీరు వేరైనా, నోటికి చేటు చేసేది అదే పొగాకు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పట్టీ కనిపించే కొన్ని వీడియోల మీద ఫిర్యాదు పెట్టాను. మా వాడికి అడ్డపొగ సంగతి చెబితే మాత్రం, "అది వేరు పెదనాన్నా, ఇది వేరు" అన్నాడు.