ప్రభుత్వ బడికి వ్యాపారుల తోడ్పాటు: విరాళం దాటి బోధన దాకా రావాలంటే?

ప్రశ్న – ప్రధానోపాధ్యాయిని

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. చుట్టుపక్కల చిన్న పరిశ్రమల యజమానులు, పూర్వ విద్యార్థులు బడికి ఏదైనా చేస్తామని తరచుగా ముందుకు వస్తుంటారు. ఇన్నేళ్లలో వారి చలవతో బల్లలు, కంప్యూటర్లు, గోడలకు రంగులు సమకూరాయి. దాతల పేర్లతో శిలాఫలకాలు కూడా వెలిశాయి. వాటి విలువను నేను తక్కువ చేయడం లేదు గానీ, మూడో ఏడు తిరిగేసరికి ఆ కంప్యూటర్లలో సగం మూలనపడ్డాయి, పాఠం చెప్పే తీరు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఈసారి లిఖితపూర్వకమైన ఒప్పందానికి ముసాయిదా తయారుచేయమని పాఠశాల కమిటీ నన్ను కోరింది. బోధనలో నిజంగా కొత్తదనం రావాలంటే అందులో ఏ అంశాలు ఉండాలి? ఇతర చోట్ల ఇటువంటి ప్రయత్నాలు ఎలా సాగాయి, ఎక్కడ బెడిసికొట్టాయి? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం – విద్యా విధానాల పరిశీలకుడు

అమ్మా, విరాళంలో ఇచ్చేవారికి బాధ్యత ఉండదు, పుచ్చుకునేవారికీ ఉండదు. ఒప్పందంలో ఇరుపక్షాలూ మాట ఇవ్వాలి. ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చేది అమెరికాలోని బోస్టన్‌లో 1982లో కుదిరిన ‘బోస్టన్ కాంపాక్ట్’. చదువు పూర్తిచేసిన ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని వ్యాపార సంస్థలు, హాజరును, చదువును మెరుగుపరచి బడి మానేసేవారి సంఖ్యను తగ్గిస్తామని పాఠశాలలు పరస్పరం మాట ఇచ్చుకున్నాయి. వ్యాపారులు తమ మాటను చాలావరకు నిలబెట్టుకున్నారు గానీ, బడి మానేసేవారి సంఖ్య ఆశించినట్లు తగ్గలేదు. అందువల్లనే 1980ల చివర్లో ఒప్పందాన్ని పునరుద్ధరించవలసి వచ్చినప్పుడు, బడుల నిర్వహణలోనే మార్పు రావాలని వారు పట్టుబట్టారు. చివరన ఉద్యోగం ఉందని చెప్పినంత మాత్రాన తొమ్మిదో తరగతి గదిలో జరిగేది మారిపోదని అప్పటికి అందరికీ తెలిసివచ్చింది.

దీనికి భిన్నంగా, 2011లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ప్రారంభమైన ‘పీ-టెక్’ పాఠశాల తరగతి గది నుంచే మొదలైంది. నగర విద్యాశాఖ, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్, కంప్యూటర్ రంగ సంస్థ ఐబీఎం కలిసి నెలకొల్పిన ఈ బడిలో విద్యార్థి తొమ్మిదో తరగతిలో చేరి, ఆరేళ్లలో హైస్కూలు చదువుతో పాటు రెండేళ్ల కాలేజీ డిగ్రీని కూడా రుసుము లేకుండా పూర్తిచేసుకోవచ్చు. ప్రవేశ పరీక్ష లేదు. తొలిస్థాయి ఉద్యోగాలకు కావలసిన నైపుణ్యాలను ముందుగా గుర్తించి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ పాఠ్యప్రణాళికను రూపొందించారు. కంపెనీ నుంచి మెంటార్లు, వేతనంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి. అంత పెద్ద సంస్థ మీకు దొరకకపోవచ్చు. అయినా పాఠ్యప్రణాళికను ముందు చూసుకుని, యంత్రాల సంగతి తరువాత ఆలోచించే పద్ధతి ఏ స్థాయిలోనైనా పనిచేస్తుంది.

సమాధానం – పదవీ విరమణ చేసిన అధికారి

పై మిత్రులు వెలుగు వైపు చూపారు కనుక నేను రెండో వైపు చూపుతాను. అమెరికాలో 1990లో ‘ఛానెల్ వన్’ అనే సంస్థ పాఠశాలలకు టీవీలు, వీడియో పరికరాలు, డిష్ యాంటెన్నా ఉచితంగా ఇచ్చింది. అందుకు బదులుగా తమ పన్నెండు నిమిషాల వార్తా కార్యక్రమాన్ని దాదాపు ప్రతి పనిదినమూ తరగతుల్లో చూపించాలని షరతు పెట్టింది. ఆ పన్నెండింటిలో రెండు నిమిషాలు ప్రకటనలు. పైకి ఉచితంగా కనబడినా, పిల్లల దృష్టి అక్కడ అమ్ముడుపోయింది.

ఇంగ్లండులో 2002లో మొదలైన అకాడమీ పాఠశాలల (ప్రభుత్వ సొమ్ముతో నడుస్తూ, స్థానిక ప్రభుత్వ అజమాయిషీకి వెలుపల ఉండే బడుల) కథ మరోరకం. తొలినాళ్లలో దాతలు భవన వ్యయంలో సుమారు పదో వంతు, గరిష్ఠంగా 20 లక్షల పౌండ్లు భరిస్తే చాలు, పాలక మండలిలో అధిక సంఖ్యాకులను నియమించే అధికారం వారికి దక్కేది. మిగతా సొమ్మంతా ప్రజలదే. దాతలు ఇచ్చిన డబ్బు తక్కువ, దక్కిన పెత్తనం ఎక్కువ అన్న విమర్శ సహజంగానే వచ్చింది.

కాబట్టి మీ ముసాయిదాలో మూడు విషయాలు మొహమాటం లేకుండా రాయండి: తరగతి గదిలో ప్రకటనలకు చోటు లేదు; విద్యార్థుల వివరాలు బడి దాటి వెళ్లవు; పాఠం మీద తుది నిర్ణయం ఉపాధ్యాయులదే. వీటికి ఎవరైనా నీళ్లు నమిలితే, వారు ఎందుకు వచ్చారో మీకు ముందే అర్థమవుతుంది.

సమాధానం – గణితం మాస్టారు

నా అనుభవం చాలా చిన్నది, అయినా చెబుతాను. ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని మా బడికి డబ్బు ఇస్తానన్నప్పుడు, డబ్బుకు బదులు ఆయనకు రోజూ ఎదురయ్యే ఒక చిక్కు చెప్పమని అడిగాను. పెద్ద కాగితం నుంచి వేర్వేరు కొలతల కార్డులు కోసేటప్పుడు వృథా తగ్గించడం ఎలా అన్నదే ఆయన చిక్కు. వైశాల్యాల పాఠానికి కేటాయించిన పీరియడ్లలో పిల్లలు అట్టముక్కలతో కుస్తీ పట్టారు. వారి పరిష్కారాల్లో రెండింటిని ఆయన తన వద్ద ప్రయత్నించి చూశారు, ఒకటి ఎందుకు కుదరలేదో స్వయంగా వచ్చి వివరించారు కూడా. (కోత యంత్రం కత్తి కాగితాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా కోస్తుందే తప్ప మధ్యలో ఆగి మలుపు తిరగదన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది!) ఆ వివరణ విన్న పిల్లలు వైశాల్యాన్ని ఇక మరచిపోలేదు.

అయితే మరుసటి ఏడాది అది ఆగిపోయింది. ఆయనతో మాట్లాడి, సమయం కుదిర్చి, పాఠంతో ముడిపెట్టే తీరిక నాకు లేకపోయింది, ఇంకెవరికీ ఆ పని అప్పగించలేదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ప్రభుత్వ పాఠశాలలను ‘కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్లు’గా మార్చినప్పుడు బడికొక సమన్వయకర్తను పెట్టడం ఎందుకో నాకు అప్పుడు బోధపడింది. వైద్య సేవలు, సాయంత్రపు తరగతులు, స్వచ్ఛంద కార్యకర్తలు – వీటన్నిటినీ పిల్లల అవసరాలతో కలిపేది ఆ సమన్వయకర్తే. ఈ భారాన్ని ప్రధానోపాధ్యాయుల నెత్తిన పెడితే రెండు పనులూ చెడతాయి.

ప్రధానోపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. ప్రకటనలు, విద్యార్థుల వివరాలకు సంబంధించిన షరతులను ఈ రాత్రికే ముసాయిదాలో చేరుస్తాను. దాతలను డబ్బుకు ముందు వారి వృత్తిలోని ఒక సమస్యను అడగాలన్న మాస్టారి పద్ధతి కూడా నాకు నచ్చింది. సమన్వయకర్త దగ్గరే చిక్కు ఉంది. మాకు అటువంటి పోస్టు లేదు. ఆ జీతాన్ని దాతలనే భరించమని అడగవచ్చా?

పదవీ విరమణ చేసిన అధికారి

అడగవచ్చు. జీతం ఒక్కరే కాకుండా పలువురు కలిసి ఇవ్వాలి, ఆ సొమ్ము పాఠశాల కమిటీ ఖాతాలో పడాలి, నియామకం, తొలగింపు కమిటీ చేతిలోనే ఉండాలి. కనీసం మూడేళ్లకు హామీ తీసుకోండి. మీ కంప్యూటర్లు మూలనపడింది మూడో ఏడే కదా.