ఈటెకు డీ6 ఏంటసలు? సాధన చేసినవాళ్ల మాటకు టేబుల్ దగ్గర విలువ లేదా?

బీటీఎం_బల్లెం
ఆదివారం బీటీఎం లేఅవుట్‌లో మా ఇంట్లో ఆట సగంలో ఆగిపోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి పాచికలతో కథ నడిపే ఆట. దాని ఐదో ఎడిషన్‌లో ఒంటిచేత్తో పడితే ఈటె దెబ్బకు డీ6, అంటే ఆరు ముఖాల పాచిక, లాంగ్‌స్వోర్డ్ అనే పొడవు కత్తికి డీ8. నేను ఏడాదిన్నరగా పాత యూరప్ కత్తిసాము, అదే హెమా, నేర్చుకుంటున్నా. మొద్దు కత్తి పట్టుకుని ఈటెవాడి ఎదురుగా ఒక్కసారి నిలబడి చూడండి. వాడి ముందు చెయ్యి గొట్టంలా వదులుగా ఉంటుంది, తోసేదంతా వెనక చెయ్యే. మొన మొహం మీదికి వస్తోందని కత్తి పైకెత్తేలోపు అది మోకాలి మీద ఉంటుంది. పదిసార్లు దిగితే ఎనిమిదిసార్లు ఓడా. ఈటెకు డీ10 ఇవ్వాలి. మా డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, వినడం లేదు.

వైట్‌ఫీల్డ్_డీఎం
ఆ డీఎంని నేనే. నువ్వు చెప్పేది దూరం గురించి, అడిగేది దెబ్బ గురించి. ఈటె ముందు తగులుతుంది, ఒప్పుకుంటా. తగిలాక కత్తికంటే ఎక్కువ చంపుతుందా? 1974లో ఆట మొదట వచ్చినప్పుడు బాకైనా గొడ్డలైనా ఒకటే డీ6. ఆయుధానికో పాచిక అన్నది మరుసటి ఏడాది అనుబంధంలో వచ్చింది. రెండు చేతులతో పడితే ఈటెకు డీ8 ఇప్పటికే ఉంది, అదీ చెప్పాల్సింది.

పాచికల_పంతులు
గర్ప్స్ అని ఇలాంటిదే ఇంకో ఆట ఉంది, అది ఆడండి. టర్న్ అంటే ఒక్క సెకను, ఆయుధం పొడవుకీ లెక్క ఉంది.

కడప_కర్రసాము
నాయనా, మా తాత దగ్గర కర్రసాము నేర్చుకున్నోణ్ణి, ఇప్పుడు మారతహళ్లిలో ఉంటా. నీ సాధన మీద నాకు గౌరవమే. కానీ మాస్కు పెట్టుకుని, మొనకు రబ్బరు తొడిగి ఆడినప్పుడు ప్రాణభయం ఉండదు. భయం లేనోడు దూకినట్టు ఉన్నోడు దూకడు. ఇంకోటి, ఆడే రూలే అలవాటుగా మారుతుంది. 1966లో కాలిఫోర్నియాలో మొదలైన ఎస్‌సీఏ అనే మధ్యయుగ పోరు సంఘం వాళ్లు బెత్తం కత్తులతో కొట్టుకుంటారు, మోకాలి కింద కొట్టకూడదు. అదే స్వీడన్‌లో విస్బీ దగ్గర, 1361 యుద్ధంలో చచ్చినోళ్ల గోతులు తవ్వితే, కాలి ఎముకల మీద నరుకులు ఎన్నో. కాళ్లు కాచుకోవడం నేర్వనోడు యుద్ధం గురించి ఏం చెప్తాడు?

బీటీఎం_బల్లెం
అన్నా, అది ఎస్‌సీఏ, మేం కాదు. మా దగ్గర కాళ్లు కొట్టొచ్చు. పైగా విస్బీలో ఛాతీకి ఇనుప పలకల కవచం, ముందు డాలు. పైన సందు లేకపోతే కత్తి కిందికే దిగుతుంది. ఇద్దరూ కవచం లేకుండా నిలబడితే, కాలికి కొట్టబోయినవాడి తల ముందుకొస్తుంది. కాలు వెనక్కి తీసి తల మీద వెయ్యమని 1410 ప్రాంతంలోనే ఇటలీ కత్తిసాము గురువు ఫియోరె రాసిపెట్టాడు.

కడప_కర్రసాము
పుస్తకంలో ఉంటే సరిపోతుందా? గొయ్యిలో ఎముకలు అబద్ధం చెప్తాయా?

బీటీఎం_బల్లెం
ఎముకలు అబద్ధమని నేనెక్కడన్నాను? కాలి మీద దెబ్బ పడితే మనిషి లేవలేడనేగా నేనూ అనేది. కాలికి దెబ్బ తగిలితే పాత్ర ఇక లేవకూడదని మా టేబుల్‌లో రూలు పెట్టించింది కూడా అందుకే.

ఉల్సూర్_రామ్
ఈటె అన్నారు, కాళ్ల దగ్గరికెలా వచ్చాం?

హెచ్ఎస్ఆర్_వెన్నెల
నేను చెప్తా ఎలా వచ్చామో. ఆ రూలుకు బలైంది నా మనిషి. రెండేళ్లు ఆడిన పాత్ర, నోట్‌బుక్ మూడొంతులు నిండింది. గోబ్లిన్ అనే ఒక పొట్టి రాక్షసుడి ఈటె కాలికి తగిలింది. నాకింకా పదకొండు హిట్ పాయింట్లు, అంటే మిగిలిన ప్రాణం లెక్క, ఉన్నాయి. "నిజంగా అయితే లేవలేదు" అన్నావు. అందరూ నీ మొహం చూశారు, కత్తి పట్టినవాడివి నువ్వొక్కడివే కదా. నేను నోరెలా తెరవాలి? నీ ఈటెకు డీ10 ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు ఒకటే. ఏది నిజమో నువ్వొక్కడివే తేలిస్తే మేమంతా ఎందుకు కూర్చోవాలి?

బీటీఎం_బల్లెం
మీరంతా అంటున్నారా! గుర్తుందా, సాధనలో నా బొటనవేలి ఎముక చిట్లింది. గ్లోవ్ తీస్తే గోరు కింద నల్లగా, వేలు వంకాయలా ఉబ్బి ఉంది. మూడు నెలలు ఎడమ చేత్తో అన్నం తిన్నా. కట్టుతో ఆటకొస్తే "ఒక లాంగ్ రెస్ట్ తీసుకో, పొద్దున్నకి హిట్ పాయింట్లన్నీ వచ్చేస్తాయి" అని నవ్వారు. ఆ రోజు నేనేం మాట్లాడలేదు. తర్వాతి వారమే ఆ రూలు అడిగా. దెబ్బంటే ఏంటో ఒక్కసారైనా టేబుల్ మీద కనిపించాలనిపించింది.

హెచ్ఎస్ఆర్_వెన్నెల
ఆ మాట అన్నది నేనే. అంత నొప్పి ఉందని తెలీదు. చెప్పి ఉండాల్సింది. నా పాత్రను చంపి చెప్పడం కాదు.

బీటీఎం_బల్లెం
నువ్వని గుర్తుపెట్టుకుని చేయలేదు వెన్నెలా. అది మాత్రం నమ్ము.

కడప_కర్రసాము
వేలు నయమయ్యిందా నాయనా? చలికాలం పట్టేస్తుంది, నువ్వుల నూనె రాయి.

వైట్‌ఫీల్డ్_డీఎం
తప్పు నాది. కాలు రూలు పెట్టేముందు మిగతా నలుగురినీ అడగలేదు, నీకు తెలుసు కదా అని వదిలేశా. ఆదివారం నుంచి ఆ రూలు లేదు. వెన్నెల పాత్ర ఆ వంతెన దగ్గర పదకొండు పాయింట్లతో లేచి నిలబడుతుంది. ఇకమీదట కొత్త రూలుకు ఒక్కరు వద్దన్నా అది ఉండదు. ఈటెకు డీ6 మారదు. కానీ ఈటె పట్టినవాడి దగ్గరికి కత్తివాడు వస్తుంటే ముందు పోటు ఈటెదే అంటే, ఒక నెల ఆడి చూడ్డానికి నేను సిద్ధం.

హెచ్ఎస్ఆర్_వెన్నెల
నాకు సరే. గోబ్లిన్లకు కూడా అదే రూలైతే ముందే చెప్పండి, నేను విల్లు కొనుక్కుంటా.

బీటీఎం_బల్లెం
కాలు రూలు తీసేయండి. ముందు పోటు నాకు సమ్మతమే. డీ10 సంగతి మాత్రం నెల తర్వాత మళ్లీ అడుగుతా.