‘దారిద్ర్య రేఖ’, ‘లేమి’: ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న: పేదరికం, దారిద్ర్యం, లేమి – మూడూ ఒకటేనా? వ్యాసం రాస్తున్నాను, ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాటల్లో దగ్గరివే గానీ, కొలత దగ్గరికొచ్చేసరికి తేడా ఉందండీ. ‘దారిద్ర్య రేఖ’ అంటే లెక్కలోకి వచ్చేది డబ్బు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో ఆ గీతను మనిషికి రోజుకు 3 డాలర్లు చేసింది, అంతకుముందు 2.15. ఇవి ఆయా దేశాల ధరలను బట్టి సరిచేసిన డాలర్లు. గీత జరిగితే ఎవరి బతుకూ మారకుండానే పేదల సంఖ్య మారిపోతుంది. కాబట్టి సంఖ్య పక్కనే అది ఏ గీత ప్రకారమో కూడా రాయండి.

‘రేఖకు దిగువన’ అన్న మాటతోనే నాకు పేచీ. ఎంత దిగువన? అందరికన్నా పేదవాడి చేతిలోంచి కొంత తీసి, గీతకు ఆనుకుని ఉన్నవాడికి ఇచ్చారనుకోండి. వాడు గీత దాటతాడు, పేదల సంఖ్య తగ్గుతుంది! జరిగింది అన్యాయం, లెక్కలో కనిపించేది అభివృద్ధి. తలలు లెక్కపెట్టడంలోని ఈ లోపాన్ని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1976లోనే ఎత్తి చూపారు. గీతకు సగటున ఎంత లోతున ఉన్నారో చెప్పడానికి ‘పేదరిక అంతరం’ అనే కొలత ఉంది. వార్తల్లో అది కనిపించేది తక్కువ.

ఇక ‘లేమి’. నిద్రలేమి అన్నట్టు, ఏది లేదో చెప్పించే మాట ఇది. 2010లో వచ్చిన బహుముఖ పేదరిక సూచిక చేసేది ఆ పనే: పోషణ, చదువు, తాగునీరు, మరుగుదొడ్డి, వంట ఇంధనం వంటి 10 అంశాలు చూసి, ఒక్కోదానికి దాని ప్రాధాన్యాన్ని బట్టి బరువు ఇచ్చి, మొత్తం బరువులో కనీసం మూడో వంతు లేమి ఉంటే పేదవారంటుంది. అక్కడ ‘లేమి’ అనే రాయండి.

ప్రశ్న: ‘సాపేక్ష పేదరికం’ సంగతి?

జవాబు: చుట్టూ ఉన్నవారితో పోల్చి చూసేది. ఐరోపా సమాఖ్యలో తమ దేశపు మధ్యస్థ ఆదాయంలో (అందరినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి ఆదాయంలో) 60 శాతం కన్నా తక్కువ ఉంటే ఆ ముప్పులో ఉన్నట్టే.

ప్రశ్న: కారణాలు రాసేటప్పుడు?

జవాబు: ‘చితికిపోవడం’ వాడండి, నిక్షేపంలాంటి మాట. పేదరికం ఒక స్థితి; ఇది జరిగే పని. సంపాదించే మనిషి మంచాన పడితే కూలి ఆగుతుంది, అదే నెలలో వైద్యం ఖర్చు మొదలవుతుంది. అప్పు, ఆపైన బతుకుతెరువుకు ఆధారమైనదే అమ్ముకోవడం, పిల్లల చదువు మాన్పించడం. ఒక్కసారి చేసిన సర్వేకు ఈ వరస దొరకదు, అవే కుటుంబాలను ఏళ్ల తరబడి చూడాలి. ఒకే ఏడాది కొందరు బయటపడి, అంతే మంది కొత్తగా చితికిపోతే మొత్తం సంఖ్య కదలదు. అందుకే ‘బయటపడినవారు’, ‘కొత్తగా జారినవారు’ అని విడివిడిగా రాయండి.