డీటీపీ సిస్టం బాగా స్లో, మధ్యలో బిగుసుకుపోతోంది, రీస్టార్ట్ అవుతోంది – ఫార్మాట్ చేయించాలా?

ప్రశ్న:

నమస్కారం అండి. ఇంట్లో డీటీపీ పనికి వాడే సిస్టం గురించి సలహా కావాలి. ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ 7, ఫొటోషాప్ ఉన్నాయి. శుభలేఖలు, కరపత్రాలు, ఒక మాసపత్రిక పేజీలు దీని మీదే చేస్తాం.

ఆన్ చేశాక పని మొదలుపెట్టేసరికి పది నిమిషాలు పడుతోంది. పని మధ్యలో అరనిమిషం, ఒక్కోసారి నిమిషం బిగుసుకుపోయి మళ్లీ తనంతట తనే కదులుతోంది. ఆ సమయంలో మౌస్ బాణం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇది కాక రోజుకు ఒకటి రెండుసార్లు టప్పున రీస్టార్ట్ అవుతోంది. నీలం తెర ఏమీ రాదు. షాపులో చూపిస్తే వైరస్ అన్నారు, ఫార్మాట్ చేయాలన్నారు. చేయించమంటారా? అను, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించి సర్దుకోవాలంటే రెండు రోజుల పని ఆగుతుంది.

మొదటి జవాబు:

ఫార్మాట్ చేయించకండి. మీరు చెప్పిన వాటిలో నన్ను కంగారు పెడుతున్నది రెండోది. మౌస్ తిరుగుతూ మిగతావన్నీ బిగుసుకుపోయి, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ నడిచాయంటే, డిస్క్‌లో ఏదో ఒక చోట చదవలేక పదేపదే ప్రయత్నిస్తోందని మొదట అనుమానించాలి. అలాంటి డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే డేటా పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పదిహేను రోజుల్లో మళ్లీ ఇదే తంతు.

రీస్టార్ట్‌ను ఈ లెక్కలో కలపకండి. అది వేరే జబ్బు అయ్యే అవకాశమే ఎక్కువ. ముందు ఈ మూడు చూసి చెప్పండి.

ఒకటి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. బిగుసుకున్నప్పుడు డిస్క్ దగ్గర ఎంత శాతం చూపుతోంది, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ‘యావరేజ్ రెస్పాన్స్ టైమ్’ ఎన్ని మిల్లీసెకన్లు ఉంది? శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం, పాత హార్డ్‌డిస్క్ మామూలుగానే వంద శాతానికి వెళ్తుంది. రెస్పాన్స్ టైమ్ వేలల్లో ఉంటేనే భయపడాలి.

రెండు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరసల చివర ఉన్న ‘రా వాల్యూస్’ రాసి పంపండి. అవి మామూలు అంకెలు కావు, హెక్సాడెసిమల్. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అందులో 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెల్లోకి మారతాయి.

మూడు. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టం తెరవండి. రీస్టార్ట్ అయిన సమయానికి కెర్నల్-పవర్ 41 అని ఉంటుంది. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ ఎంత ఉందో చూడండి. అక్కడే ‘డిస్క్’ పేరుతో 7 గానీ 153 గానీ ఉన్నాయేమో కూడా చూడండి, డిస్క్ చదవడంలో తడబడినప్పుడు పడే నమోదులు అవి.

ఈలోగా చెక్‌డిస్క్ స్లాష్ ఆర్, డీఫ్రాగ్, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ దేన్నీ నడపొద్దు. నీరసించిన డిస్క్ చేత మూల మూలా చదివించే పనులు అవన్నీ. కాపీ తీసుకోకముందే అది పూర్తిగా పడకేయవచ్చు.

అడిగినవారు:

చూశానండి. బిగుసుకున్నప్పుడు డిస్క్ 100 శాతం, రెస్పాన్స్ టైమ్ 4000 నుంచి 9000 మిల్లీసెకన్ల మధ్య. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో ‘కాషన్’ అంటోంది. 05 దగ్గర 440, సీ5 దగ్గర 72, సీ6 దగ్గర 72, సీ7 దగ్గర 0. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ 7, 153 చాలా ఉన్నాయి. కెర్నల్-పవర్ 41లో బగ్‌చెక్‌కోడ్ అన్నిసార్లూ 0.

మొదటి జవాబు ఇచ్చినవారు:

డిస్క్ సంగతి తేలిపోయింది. 440 అంటే ఇప్పటికే పాడైన సెక్టార్లను (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడులను) పక్కన పెట్టి వాటి బదులు అదనపు సెక్టార్లు వాడుకుంది. అది గతం. మనకు ముఖ్యం సీ5లోని 72. ఆ సెక్టార్లు ఇప్పుడు చదవడానికి రావడం లేదు. వాటిలో విండోస్ ఫైల్ ఉందో, మీ పత్రిక పేజీ ఉందో తెలియదు. వాటిని తాకినప్పుడల్లా మీ సిస్టం బిగుసుకుంటోంది. సీ7 సున్నా కాబట్టి కేబుల్ మీద అనుమానం లేదు. సీ7 పెరుగుతూ ఉండి మిగతావి సున్నాగా ఉంటే ఒక సాటా కేబుల్ మారిస్తే సరిపోయేది.

ఈరోజే డేటా తీయండి. మొత్తం డిస్క్ ఒకేసారి కాదు, పోతే మళ్లీ రానివి ముందు. పీఎండీ ఫైళ్లు (పేజ్‌మేకర్‌లో చేసినవి), వాటికి లింక్ అయిన బొమ్మలు, ఫాంట్లు, తర్వాత ఫొటోలు. పేజ్‌మేకర్‌లో జాగ్రత్త ఒకటుంది. బొమ్మలు లింక్ పద్ధతిలో పెట్టి ఉంటే పీఎండీ ఒక్కటే కాపీ చేసుకుంటే బొమ్మలు వెంట రావు. సేవ్ యాజ్ పెట్టెలో కింద ‘కాపీ’ అన్న చోట ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ ఎంచుకుని బయటి డ్రైవ్‌లోకి సేవ్ చేస్తే అన్నీ ఒకేచోట చేరతాయి.

పెద్ద ఫోల్డర్లకు విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడండి, కానీ స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 తప్పకుండా చేర్చండి. అవి లేకుంటే చదవలేని ఒక్కో ఫైల్‌నూ 30 సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నించడం దాని డిఫాల్ట్. తెల్లారినా అక్కడే ఉంటుంది.

రీస్టార్ట్‌కు వస్తే, బగ్‌చెక్‌కోడ్ 0 అంటే విండోస్ తప్పు పసిగట్టి ఆగలేదు, కరెంటు తెగినట్టు పోయింది. సీపీయూ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ మీద నా అనుమానం. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, సిస్టం నడుస్తుండగా నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నలుపుకూ పసుపుకూ మధ్య చూడండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. నలుపు, ఎరుపు మధ్య 4.75 నుంచి 5.25. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మరొక సభ్యుడు:

డిస్క్ విషయంలో చెప్పిన ప్రతి మాటా సరైనదే. ఎస్‌ఎంపీఎస్ మార్చే ముందు మాత్రం ఒక సంగతి అడగాలి. డీటీపీ ఇల్లు కాబట్టి లేజర్ ప్రింటర్ ఉండే ఉంటుంది. అది ఎక్కడ గుచ్చారు? రీస్టార్ట్ అయ్యేది ప్రింట్ ఇచ్చినప్పుడా?

అడిగినవారు:

అవునండి! ఆలోచిస్తే ఎక్కువగా ప్రింట్ ఇచ్చినప్పుడే, అదీ పొద్దున మొదటి ప్రింట్‌కు. ప్రింటర్, మానిటర్, సీపీయూ మూడూ 600 వీఏ యూపీఎస్‌కే ఉన్నాయి. యూపీఎస్ కొని మూడేళ్లు దాటింది. మీటర్‌తో చూస్తే పసుపు 12.08, ఎరుపు 5.04.

మరొక సభ్యుడు:

అయితే దొంగ దొరికినట్టే. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి కరిగించి అతికించే ఫ్యూజర్ ఉంటుంది. చల్లగా ఉన్న ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఆరేడు వందల వాట్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. పొద్దున మొదటి ప్రింట్‌కే ఎందుకు జరుగుతోందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లు. ఆ లాగుడుకు వోల్టేజ్ కుంగుతుంది, కరెంటు పోయిందనుకుని యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, మూడేళ్ల బ్యాటరీ ఆ భారం మోయలేక చేతులెత్తేస్తుంది. దాంతో సీపీయూ కూడా పోతుంది. 

ప్రింటర్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్‌కు ఇవ్వండి, వీలైతే వేరే స్విచ్‌బోర్డుకు. లేజర్ ప్రింటర్‌ను ఏ చిన్న యూపీఎస్‌కూ ఇవ్వకూడదు. తర్వాత సీపీయూ, మానిటర్ తీసేసి 60 వాట్ల పాత బల్బు ఒక్కటే యూపీఎస్‌కు పెట్టి గోడ ప్లగ్ లాగేయండి. పావుగంటైనా వెలగాలి. నిమిషంలో ఆరిపోతే లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చుకోవాలి. యూపీఎస్ మొత్తం మార్చక్కర్లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

ప్రింటర్ సంగతి నాకు తట్టలేదు, చాలా మంచి ప్రశ్న వేశారు. పైగా మీటర్ కొలతలు కూడా బాగున్నాయి. మీటర్ చూపేది సగటు మాత్రమే, రిపుల్‌ను, అంటే వోల్టేజ్‌లో క్షణక్షణం వచ్చే ఊగిసలాటను పట్టుకోదు. కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌కు పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వను. ప్రింటర్ మార్చాక వారం రోజులు చూసి, ఇంకా రీస్టార్ట్ అయితేనే దాని దగ్గరకు వెళ్దాం.

అడిగినవారు:

ప్రింటర్ గోడ ప్లగ్‌కు మార్చి నాలుగు రోజులైంది, ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. బల్బు నలభై సెకన్లకే ఆరిపోయింది, బ్యాటరీ వేయిస్తున్నాను. డేటా అంతా వచ్చింది, రెండు పాత పీఎండీలు మాత్రం రాలేదు. ఇప్పుడు 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని, ఉన్నదున్నట్టు దాంట్లోకి మార్చుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మార్చుకోవచ్చు, కానీ 480 కాదు, 500 గానీ 512 గానీ కొనండి. డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేసే ఉచిత ప్రోగ్రాం క్లోన్‌జిల్లా. దానికి కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. మీ డిస్క్‌లో సగం ఖాళీ ఉన్నా సరే, 480లోకి ఎక్కనంటుంది. దాన్ని ఎక్కించాలంటే పార్టిషన్లు కుదించాలి, చచ్చుబడిన డిస్క్ మీద ఆ పని చేయకూడదు. మీ బోర్డులో ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డుకే గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) మాట వదిలేయండి, 2.5 అంగుళాల సాటా రకమే తీసుకోండి.

క్లోన్ చేసే పద్ధతి ఇదీ. సిస్టం ఆపేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూసుకోదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటి పార్టిషన్‌ను క్లోన్‌జిల్లా ముట్టుకోనంటుంది. ఎస్‌ఎస్‌డీని 6జీ అని రాసి ఉన్న సాటా పోర్టుకు పెట్టండి. హెచ్81లో నాలుగింటిలో రెండే అలాంటివి, మిగతా రెండూ 3జీ. రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన క్లోన్‌జిల్లాతో బూట్ చేసి, ‘డివైస్-డివైస్’, తర్వాత ఎక్స్‌పర్ట్ మోడ్, అందులో రెస్క్యూ అన్న గడిలో టిక్ పెట్టండి. అది లేకుంటే చదవలేని మొదటి సెక్టార్ దగ్గరే ఆగిపోతుంది.

మధ్యలో సోర్స్ (పాత డిస్క్) ఏది, టార్గెట్ (కొత్త డిస్క్) ఏది అని కూడా అడుగుతుంది. ఇక్కడ తొందరపడొద్దు. రెండూ 500 జీబీ కాబట్టి సైజు చూసి పోల్చలేరు. మోడల్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. తారుమారైతే ఖాళీ ఎస్‌ఎస్‌డీ వచ్చి పాత డిస్క్ మీద పడుతుంది.

పూర్తయ్యాక పాత డిస్క్ కేబుల్ తీసేసి అప్పుడు ఆన్ చేయండి. ఒకే సంతకంతో రెండు డిస్కులు కనపడితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. తెరుచుకున్నాక అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్, తర్వాత డిజ్మ్ రిస్టోర్‌హెల్త్, ఆఖరున ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ. వరస ఇదే ఉండాలి. ఎస్‌ఎఫ్‌సీ తనకు కావలసిన మంచి ఫైళ్లు తెచ్చుకునే గోదామును బాగుచేసేది డిజ్మ్. పోయిన 72 సెక్టార్లలో విండోస్ ఫైళ్లుంటే ఇక్కడ సరి అవుతాయి.

పది నిమిషాల ఆలస్యం కూడా దీనితోనే చాలావరకు పోతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. ముల్లు జరిగే సమయం కూడా కలుపుకుంటే ఆరోగ్యంగా ఉన్న డిస్క్ కూడా చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకు ఎనభై, వంద మించి తేలేదు. ఎస్‌ఎస్‌డీ ఒక్కో ముక్కను 0.1 మిల్లీసెకను చుట్టుపక్కల తెస్తుంది.

ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయండి, ఫొటోషాప్ ఉంది కాబట్టి. డీడీఆర్3, 1600, డెస్క్‌టాప్ సైజు. చవగ్గా దొరికే ‘ఏఎండీ ఓన్లీ’ ముక్కలు మీ ఇంటెల్ బోర్డు మీద పని చేయవు, అడిగి తీసుకోండి. వేసిన రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇచ్చేయండి, ‘ఒక్కటే కదా’ అనుకోవద్దు.

మరొక సభ్యుడు:

సీ డ్రైవ్, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. డీటీపీ సిస్టంలలో వందలకొద్దీ పేరుకుపోతాయి. పేజ్‌మేకర్, ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు ఆ జాబితా అంతా చదువుకోవాలి. వాడని అలంకార ఫాంట్లను వేరే ఫోల్డర్‌లో దాచి ఇక్కడి నుంచి తీసేయండి. పాత పనుల్లో వాడిన అను ఫాంట్లను మాత్రం కదపొద్దు. అవి యూనికోడ్ కావు కాబట్టి, ఫాంట్ లేకుండా ఆ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. ఇళ్లలో వాడేవారికి ఈఎస్‌యూ అనే పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకు ఉంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవచ్చు, వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు.

అడిగినవారు:

512 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ అయిందండి, రెస్క్యూ టిక్ పెట్టాక ఆగకుండా నడిచింది. ఎస్‌ఎఫ్‌సీ కొన్ని ఫైళ్లు బాగుచేశానని చెప్పింది. ఇప్పుడు ఆన్ చేసిన నిమిషంలోపే పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది. పాత డిస్క్‌ను ఎక్స్‌టర్నల్‌గా వాడుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

వద్దండి. రాని ఆ రెండు పీఎండీల కోసం ఇంకోసారి ప్రయత్నించాలనుకుంటే తప్ప దాన్ని ఆన్ చేయకండి. మీద ‘72’ అని, ఈరోజు తేదీ రాసి పక్కన పెట్టండి. కొత్త దానికి బ్యాకప్‌గా వేరే 1 టీబీ ఎక్స్‌టర్నల్ తీసుకోండి, పత్రిక సంచిక ప్రెస్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ దాంట్లో పడాలి.